డబ్బు ఉండటం వేరు, ఉన్నదని చూపించడం వేరు

(సొసైటీ వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఉర్దూ మీడియం ఉపాధ్యాయుడు మైకు ముందుకు వచ్చాడంటే టీచరు పోస్టుల ఖాళీల గురించి, బడి మానేసే పిల్లల గురించి చెబుతాడని మీకందరికీ తెలుసు. చెప్పి చెప్పి మాకూ అలవాటైపోయింది, విని విని మీకూ అలవాటైపోయింది. కార్యదర్శి గారు ఈసారి ఆ అలవాటు తప్పించారు. ఇల్లు కొనే విషయంలో మనవాళ్ళు పడుతున్న ఇబ్బందుల గురించి రెండు మాటలు చెప్పమన్నారు. మేము వకీలు కాదు, బ్యాంకు ఉద్యోగి కాదు. అయినా ఈ పని మాకు ఎందుకు అప్పగించారంటే, సాయంత్రం పూట మొహల్లావాళ్ళు అగ్రిమెంటు కాగితాలు పట్టుకుని మా ఇంటికి వస్తుంటారు. తెలుగులోనో ఇంగ్లీషులోనో ఉన్నదాన్ని చదివి, అర్థం చెప్పమంటారు. అలా చదవగా చదవగా మా దృష్టికి వచ్చిన సంగతే ఈ వేళ మీ ముందు పెడుతున్నాము.

మనవాళ్ళు ఇప్పుడు ఇంటి కాగితాలు కాస్త శ్రద్ధగానే చూస్తున్నారు. ఇ.సి. తీయిస్తున్నారు, లింకు డాక్యుమెంట్లు అడుగుతున్నారు, ఇంటిపన్ను రసీదు ఎవరి పేరున ఉందో చూస్తున్నారు. సంతోషం. కాని తమ డబ్బుకు కాగితం ఉందా లేదా అని చూసుకునేవారు మాకు కనబడటం లేదు. కాగితాలు కావలసింది అమ్మేవాడికి, కొనేవాడికి డబ్బుంటే చాలును అనే భావం మనలో పాతుకుపోయింది. పెట్టెలో ఉన్న డబ్బు మనకు తెలుసు, మన ఇంట్లో వాళ్ళకు తెలుసు. ఎదుటివాడికి ఎలా తెలుస్తుంది? రేపు తగువు వస్తే జడ్జి గారికి ఎలా తెలుస్తుంది?

బ్రోకరు ఇంకా ఇల్లు చూపించకముందే అడిగే ప్రశ్న ఒకటుంది. "సాబ్, డబ్బు రెడీగా ఉందా? లోనా, సొంతమా?" కొందరికి ఈ ప్రశ్న అవమానంగా తోస్తుంది. మన పేరు విన్న తర్వాతే ఇలా అడిగాడని బాధపడేవారూ ఉన్నారు. అటువంటి బ్రోకర్లు లేరని మేము అనము. అయితే ప్రశ్న మాత్రం తప్పు ప్రశ్న కాదు. వాళ్ళ దగ్గరికి ఇల్లు చూద్దామని వచ్చి, చాయ్ తాగి, మళ్ళీ కనబడనివారు చాలామంది ఉంటారు. ఎవరి దగ్గర పైకం ఉందో తెలుసుకోవాలని వాళ్ళు అనుకోవడం సహజం. విలాయత్‌లో ఉన్న మన బంధువులను అడిగి చూడండి. బ్రిటన్‌లో 2017 నాటి మనీ లాండరింగ్ నిబంధనల ప్రకారం ఎస్టేట్ ఏజెంటు కొనేవారి గుర్తింపు కాగితాలు చూడక తప్పదు. ఫలానా ధరకు కొంటామని చెప్పేటప్పుడే డబ్బు ఎక్కడ ఉందో చూపించమనడం అక్కడ మామూలు సంగతి. మన దేశంలోనూ 2020 డిసెంబరులో, ఏడాదికి 20 లక్షల రూపాయలు, ఆపైన టర్నోవరు ఉన్న రియల్ ఎస్టేట్ ఏజెంట్లను మనీ లాండరింగ్ చట్టం పరిధిలోకి తెచ్చారు. అటువంటి ఏజెంటు మీ పాన్ కార్డు అడిగితే కోప్పడవలసిన పని లేదు. ఆయన అడిగినట్టే మీరూ అడగవచ్చు. కొత్త అపార్టుమెంట్లు, వెంచర్లు అమ్మేవాడైతే, 2016 నాటి రెరా చట్టం కింద ఏజెంటుగా రిజిస్ట్రేషన్ నంబరు ఉందా అని అడగండి. ఇంటాయన కాగితాల నకళ్ళు మా చేతికి వచ్చిన రోజునే మా బ్యాంకు కాగితం మీకు చూపిస్తామని చెప్పండి. ఇచ్చిపుచ్చుకోవడం రెండువైపులా ఉండాలి గదా.

ఇక ఏమి చూపించాలి, ఎంత చూపించాలి అన్నది అసలు సంగతి. ఇక్కడ కాస్త నిదానంగా వినండి.

మనవాళ్ళలో రెండు రకాలవారున్నారు. ఒకరు ఏమీ చూపించరు. "మా మాట మీద నమ్మకం లేదా" అంటారు. రెండోవారు అన్నీ చూపిస్తారు. పాస్ బుక్కు మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా ఫోటో తీసి వాట్సాప్‌లో పంపిస్తారు. ఫిక్స్‌డ్ డిపాజిట్ రసీదు, ఆధార్ కార్డు, పాన్ కార్డు అన్నీ బ్రోకరు ఫోనులోకి పోతాయి. ఆ ఫోను నుంచి ఇంకెన్ని ఫోన్లకు పోతాయో అల్లాకే తెలియాలి. ఒక సంగతి గుర్తు పెట్టుకోండి. బ్రోకరు కమీషను ఇంటి ధర మీద లెక్క. చాలాచోట్ల రెండువైపులా పుచ్చుకుంటాడు. ఇల్లు 38 లక్షలకు మాట్లాడుకుంటుండగా మీ ఖాతాలో 45 లక్షలున్నట్టు ఆయనకు తెలిస్తే, మర్నాడు ఇంటాయన భార్యకు ఆ ధర ఇష్టం లేదట అనే కబురు వస్తుంది. ఆ ఇల్లాలికి అప్పటిదాకా ఇంటి ధర సంగతే తెలిసి ఉండదు.

కనుక ఇంటికి కావలసినంత పైకం ఒక ఖాతాలో వేరుగా ఉంచండి. మిగతాది ఇంకో ఖాతాలో ఉండనివ్వండి. ఆ మొదటి ఖాతాకు ఫలానా తేదీన ఇంత నిల్వ ఉన్నది అని బ్యాంకు మేనేజరు సంతకం, ముద్ర ఉన్న సర్టిఫికెట్ తీసుకోండి. బ్యాలెన్స్ సర్టిఫికెట్ అంటే ఇస్తారు, పెద్ద ఖర్చు కాదు. దాన్ని ఎదురుగా కూర్చుని చూపించండి. నకలు ఇవ్వక తప్పకపోతే, ఖాతా నంబరులో చివరి నాలుగు అంకెలు తప్ప మిగతావి కొట్టివేసి, "ఫలానా ఇంటి కొనుగోలు నిమిత్తం మాత్రమే" అని అడ్డంగా రాసి, తేదీ వేసి ఇవ్వండి. ఆధార్ ఇవ్వవలసి వస్తే మొదటి ఎనిమిది అంకెలు కనబడని ఆధార్ దొరుకుతుంది, అదివ్వండి. సంతకం చేసిన ఖాళీ చెక్కు మాత్రం ఎవ్వరికీ ఇవ్వకండి. "ఊరికే సెక్యూరిటీకి సాబ్" అంటారు. ఏ పనికైనా ఊరికే ఇచ్చిన చెక్కు ఊరికే ఉండదు.

లోను తీసుకునేవారి సంగతి వేరు. వాళ్ళు బ్యాంకు ఇచ్చిన శాంక్షన్ లెటరు చూపిస్తారు. బాగానే ఉంది. కాని ఆ కాగితం చివరన చిన్న అక్షరాలతో షరతులుంటాయి. ఇంటి కాగితాలు బ్యాంకు వకీలు ఒప్పుకోవాలి, ఇంజనీరు విలువ కట్టాలి, ఇన్ని నెలల్లోపల తీసుకోవాలి అని. ఇంటి వివరాలు లేకుండా మీ జీతం మాత్రమే చూసి ఇచ్చిన లెటరైతే ఇంకా బలహీనం. దాని మీద ఆధారపడి నెల రోజుల గడువుకు అగ్రిమెంటు రాసుకోకండి.

ఇంకొక చిక్కు కూడా ఉంది. బ్యాంకు ఇస్తుంది గదా అని నిశ్చింతగా ఉండేవారిని చూస్తున్నాము. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం 30 లక్షల వరకు ఉన్న గృహరుణానికి ఇంటి విలువలో 90 శాతం దాకా, 30 నుంచి 75 లక్షల రుణానికి 80 శాతం దాకా మాత్రమే బ్యాంకు ఇవ్వవచ్చు. అదీ మీ జీతం సరిపోతేనే. 40 లక్షల ఇల్లు అనుకోండి. బ్యాంకు ఎక్కువలో ఎక్కువ 32 లక్షలిస్తే 8 లక్షలు మీ చేతిది. స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషను ఖర్చులు మన రెండు రాష్ట్రాల్లోనూ అన్నీ కలిపి ఏడున్నర శాతం చుట్టూ ఉంటాయి. అంటే ఇంకో 3 లక్షలు. ఇంత విలువైన ఇంటికి ఆ ఖర్చును బ్యాంకు ఇంటి విలువలో కలపదు. ఆపైన బ్రోకరు కమీషను, రాయసం ఖర్చు, కొత్త ఇంట్లోకి వెళ్ళే ఖర్చు. పన్నెండు లక్షలు చేతిలో లేనివాడు 40 లక్షల ఇంటికి బయానా ఇవ్వకూడదు. లెక్కల మాస్టారు కాకపోయినా ఈ లెక్క మేము చెప్పగలము. పాత రోజుల్లో ఉపాధ్యాయులకు జి.పి.ఎఫ్. అండ ఉండేది. 2004 సెప్టెంబరు తర్వాత చేరిన సి.పి.ఎస్. వాళ్ళకు ఆ అండ కూడా లేదు. సరే, ఆ గోడు ఇక్కడెందుకు!

వడ్డీ ఇష్టం లేక లోను జోలికి పోనివారు మనలో ఎందరో ఉన్నారు. వాళ్ళ నియమాన్ని మేము గౌరవిస్తాము. అయితే డబ్బు రుజువు చేసుకోవడంలో అందరికంటే ఎక్కువ కష్టం వాళ్ళకే. శాంక్షన్ లెటరు ఉండదు. డబ్బు ఒక్కచోట ఉండదు. కొంత చీటిలో, కొంత ఆడవాళ్ళ బంగారంలో, కొంత కువైట్‌లో తమ్ముడి దగ్గర, కొంత దుకాణం గల్లాలో.

ఇలాంటి ఒక కుటుంబం సంగతి చెబుతాము. ఊరూ పేరూ చెప్పము, వాళ్ళు ఇక్కడివాళ్ళు కారు. ఇంటాయన బట్టలు కుడతాడు. ఇరవై ఏళ్ళు అద్దె ఇంట్లో ఉన్నాడు. ఒక చిన్న ఇల్లు 24 లక్షలకు కుదిరింది. బయానా 2 లక్షలు నగదుగా బ్రోకరు చేతికిచ్చాడు, బ్రోకరు ఇంటాయనకిచ్చాడు. వంద రూపాయల స్టాంపు కాగితం మీద అగ్రిమెంటు రాసుకున్నారు. గడువు ఆరు నెలలు. నాలుగో నెలలో ఆ వైపు రోడ్డు వెడల్పు చేస్తారనే మాట పుట్టింది, ధర పెరిగింది. ఇంటాయన మొహం చాటు వేయడం మొదలుపెట్టాడు. గడువు దాటాక, "నీ దగ్గర డబ్బు లేకనే నువ్వు రాలేదు" అన్నాడు. దర్జీ దగ్గర డబ్బు ఉంది. బంగారం అమ్మాడు, బిల్లు తీసుకోలేదు. చీటి పాడాడు, అది ఇంటి దగ్గర నడిచే చీటి, పుస్తకం లేదు. తమ్ముడు పంపిన డబ్బు హుండీలో వచ్చింది. మొత్తం ఇనపపెట్టెలో గుడ్డ మూటలో ఉంది. వకీలు గారు అడిగిన ప్రశ్న ఒక్కటే: "గడువు తేదీ నాటికి 22 లక్షలు నీ దగ్గర ఉన్నట్టు నేను కోర్టులో ఏమి చూపించను?" మూట తీసుకెళ్ళి చూపిస్తే ఆ డబ్బు ఈ వేళది. ఆనాటిదని ఎవరు చెబుతారు? భార్య చెబుతుంది, బావమరిది చెబుతాడు. చివరికి పెద్దమనుషులు కూర్చుని, ఇచ్చిన 2 లక్షలు వెనక్కి ఇప్పించి తగువు తెంచారు. అమ్మిన బంగారం అమ్మినట్టే పోయింది. ఆ తర్వాత బంగారం ధర ఎక్కడికి పోయిందో మీకు తెలుసు.

వకీలు గారు అలా అడగటానికి కారణం 1963 నాటి స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం. అమ్మేవాడు మాట తప్పితే, నాకు ఇల్లు రిజిస్ట్రీ చేయించండి అని కొనేవాడు కోర్టుకు పోవచ్చు. కాని కొనేవాడు మొదటినుంచీ తాను "రెడీ అండ్ విల్లింగ్"గా ఉన్నట్టు రుజువు చేయాలి. మేము భాష చెప్పుకుని బ్రతికేవాళ్ళము గనుక ఈ రెండు మాటల దగ్గర ఆగిపోయాము. ఒకటి ఇస్తితాఅత్, రెండోది నియ్యత్. హజ్జు విషయంలో ఈ రెండూ మనకు తెలిసిన మాటలే. నియ్యత్ మనసులో ఉంటుంది. ఇస్తితాఅత్ అంటే స్తోమత, అది బయటికి కనబడాలి. 1995లో తిరుజ్ఞానం కేసు తీర్పులో సుప్రీంకోర్టు ఈ సంగతే గట్టిగా చెప్పింది. పైకం కొనేవాడికి అందుబాటులో ఉన్నదని రుజువు కావాలి, అదీ అగ్రిమెంటు నాటినుంచి తీర్పుదాకా. 2018లో ఈ చట్టాన్ని సవరించి కొనేవాడికి కొన్ని సౌకర్యాలు కలిగించారు గాని ఈ రుజువు బాధ్యత మాత్రం తీసివేయలేదు. డబ్బు మూట కట్టి రోజూ చేతిలో పట్టుకు తిరగమని, అడగకుండానే కోర్టులో జమ చేయమని చట్టం అనదు. సమకూర్చుకోగల స్థితిలో ఉన్నానని కాగితం మీద కనబడాలి, అంతే.

కనుక మన డబ్బు దారులకు కాగితాలు ఎలా పుట్టించాలో చూడాలి. బంగారం అమ్మితే బిల్లు తీసుకుని, డబ్బు ఖాతాలో వేయించుకోండి. చీటి అయితే 1982 నాటి చిట్ ఫండ్స్ చట్టం కింద రిజిస్టరైన చీటి వేయండి, పాస్ బుక్కు ఉంటుంది, పాట డబ్బు చెక్కుగా వస్తుంది. గల్ఫ్ నుంచి వచ్చే డబ్బు బ్యాంకు ద్వారా, ఎన్.ఆర్.ఇ. ఖాతా ద్వారా రానివ్వండి. హుండీలో నాలుగు రూపాయలు ఎక్కువ రావచ్చు. కాని ఆ దారి చట్టవిరుద్ధం, ఆ నాలుగు రూపాయల కోసం మొత్తం డబ్బుకే నోరు లేకుండా పోతుంది. అన్నదమ్ములు సాయం చేస్తే, అది కానుకా, చేబదులా అన్నది ఒక కాగితం మీద రాయించుకోండి. మన షరీఅత్‌లో నోటిమాటతో హిబా చెల్లుతుంది, నిజమే. అయినా రాసుకుంటే నష్టమేముంది? చేబదులు 20 వేలు, ఆపైన అయితే నగదుగా పుచ్చుకోకూడదని ఆదాయపు పన్ను చట్టం చెబుతోంది.

ఇంటి బయానాకూ అదే నియమం. 2015 జూన్ 1 నుంచి ఇల్లు, స్థలం అమ్మకానికి అడ్వాన్సుగా 20 వేలు, ఆపైన నగదు పుచ్చుకుంటే పుచ్చుకున్నంత మొత్తం జరిమానా పడవచ్చు. ఆ జరిమానా పుచ్చుకున్నవాడికి. ఈ మాట అమ్మేవాడికి మర్యాదగా చెప్పండి, చెక్కుకు ఆయనే ఒప్పుకుంటాడు. 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఇంకొక ఆదేశం ఇచ్చింది. ఏదైనా లావాదేవీలో 2 లక్షలు, ఆపైన నగదు ఇచ్చామని ఎవరైనా దావా వేస్తే, ఆ సంగతి కోర్టు ఆదాయపు పన్ను శాఖకు తెలియజేయాలి. అంటే నగదు ఇచ్చి తర్వాత కోర్టుకు పోతే, ఇల్లు వస్తుందో రాదో గాని పన్ను వాళ్ళ నోటీసు రావచ్చు.

టోకెన్ డబ్బు గురించి ఒక్క మాట. "డబ్బు ఉన్నట్టు నమ్మకం కలగాలంటే ఒక యాభై వేలు నా దగ్గర ఉంచండి" అనే బ్రోకర్లు ఉన్నారు. చూపించడం వేరు, ఇవ్వడం వేరు. ఇవ్వవలసింది ఇంటి యజమానికి, ఆయన పేరున చెక్కుగానో డి.డి.గానో, అగ్రిమెంటులో నంబరు రాసి. కొత్త అపార్టుమెంటైతే ధరలో 10 శాతానికి మించి, రిజిస్టరు అయిన అగ్రిమెంటు లేకుండా పుచ్చుకునే అధికారం బిల్డరుకు లేదు. ఇది రెరా చట్టం మాట.

ఇంకొక జాతివాళ్ళున్నారు. పిల్లల విదేశీ చదువుల వీసా కోసం ఖాతాలో కొన్నాళ్ళు డబ్బు వేసి, కమీషను తీసుకుని, మళ్ళీ లాగేసుకునేవాళ్ళు. ఇంటికి కూడా అలా బ్యాలెన్స్ చూపిస్తామంటున్నారట. వద్దు. ఆరు నెలల స్టేట్‌మెంటు అడిగితే నిన్న వచ్చి రేపు పోయే డబ్బు సంగతి ఎవరికైనా తెలిసిపోతుంది. రిజిస్ట్రేషను నాడు మాత్రం ఆ డబ్బు ఎక్కడినుంచి తెస్తారు?

అగ్రిమెంటు అయిన తర్వాత గడువు దగ్గరపడుతుంటే ఊరుకోకండి. గడువుకు పదిహేను రోజుల ముందే, "మా దగ్గర మిగతా పైకం సిద్ధంగా ఉంది, ఫలానా రోజు రిజిస్ట్రారు ఆఫీసుకు రండి" అని స్పీడ్ పోస్టులో ఉత్తరం రాసి, రసీదు దాచండి. గడువు తేదీ నాటి బ్యాలెన్స్ సర్టిఫికెట్ ఇంకొకటి తీసుకోండి. డి.డి. తీస్తే దాని నకలు ఉంచండి. అమ్మేవాడు రాకపోతే ఈ మూడే మీ సాక్షులు. దావా వేయడానికి గడువు తేదీ నుంచి మూడేళ్ళు టైముంది గాని, మూడేళ్ళూ ఇంట్లో కూర్చుని ఆఖరి నెలలో పోయినవాడి నియ్యత్ మీద కోర్టుకు అనుమానం రాదా?

గల్ఫ్ కుటుంబాలకు ప్రత్యేకంగా ఒక మాట చెప్పాలి. అక్కడ తమ్ముడు డబ్బు పంపుతాడు, ఇక్కడ అన్న ఒక్కడి పేరున ఇల్లు రిజిస్టరు అవుతుంది. ప్రేమ ఉన్నంతకాలం బాగుంటుంది. కాని 1988 నాటి బేనామీ చట్టం, 2016 సవరణ తర్వాత, అన్నదమ్ముల మధ్య ఇచ్చిన మినహాయింపు ఇద్దరి పేర్లూ కాగితంలో ఉన్నప్పుడే, డబ్బు వచ్చిన దారి తెలిసినప్పుడే వర్తిస్తుంది. భార్య పేరున, పిల్లల పేరున కొంటే మినహాయింపు ఉంది, అక్కడ కూడా డబ్బు వచ్చిన దారి తెలియాలి. కనుక డబ్బు ఎవరిదో వారి పేరు దస్తావేజులో ఉండనివ్వండి. తల్లులు, అక్కచెల్లెళ్ళు వింటున్నారు గనుక చెబుతున్నాము. మీ మెహర్ బంగారం అమ్మి ఇంటికి పెడితే, ఆ బిల్లు మీ పేరున ఉండాలి, ఆ డబ్బు మీ ఖాతాలోంచి పోవాలి, దస్తావేజులో మీ పేరు పడాలి. మీ వారు ఎంత మంచివారైనా సరే.

టైమైపోయిందని కార్యదర్శి గారు గడియారం చూపిస్తున్నారు. ఆదివారాలు అస్ర్ నమాజు తర్వాత మేము ఇంటి దగ్గరే ఉంటాము. కాగితాలు తెండి, చదివి చెబుతాము, వకీలు దగ్గరికి పోవలసిన సంగతైతే పొమ్మని కూడా చెబుతాము. కాకపోతే సంతకం పెట్టకముందు తెండి. ఖుదా హాఫిజ్.